రెండో సంతకం
(అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ స్మారకోపన్యాసం)



నెల్లూరు జిల్లా పుదూరులో 1883లో ఒక అర్చకుడి ఇంట పుట్టారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మద్రాసు చేరి వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1929 నుంచి 1944 దాకా ఆ ప్రెసిడెన్సీకి అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. మన రాజ్యాంగ ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఒకరు. అధ్యక్ష పదవికి తనకంటే సమర్థులు ఆ సంఘంలో ఉన్నారని 1949 నవంబరు 25న అంబేద్కర్ సభలో చెబుతూ ఉదహరించిన పేరు అల్లాడిదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండు రోజులకు, 1953 అక్టోబరు 3న కన్నుమూశారు.

ఆయన చేసిన పనుల్లో ఒకటి పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనబడదు. 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు మీద రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్‌కు మనసొప్పలేదు. పార్లమెంటు ఆమోదించినా, తాను సొంత వివేచనతో నడుచుకోవాలనుకుంటున్నానని నెహ్రూకు రాశారు. నెహ్రూ ఇద్దరిని అడిగారు. ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాడ్, రెండోవారు అల్లాడి. ఇద్దరూ చెప్పింది ఒకటే: ఇంగ్లండులో రాజుకు ఏ స్థానమో ఇక్కడ రాష్ట్రపతికీ అదే, మంత్రిమండలి సలహా కాదని నడవడానికి వీల్లేదు. ఆ బిల్లు తర్వాత ముక్కలై 1955, 56లలో చట్టాలుగా వచ్చింది. రాజేంద్ర ప్రసాదే సంతకాలు పెట్టారు.

రాష్ట్రపతికి మనస్సాక్షి అడ్డొస్తే ఏం చేయాలన్న ప్రశ్న మన దగ్గర కాగితాల మీదనే తేలిపోయింది. నిజంగానే ఒక రాజు సంతకం పెట్టనని కూర్చున్న దేశం ఒకటుంది. అది బెల్జియం. ఇవాళ ఆ దేశం గురించి మాట్లాడతాను. ఇంగ్లండు ఎందుకు కాదని అడుగుతారేమో. ఇంగ్లండు పద్ధతంతా ఆనవాయితీ మీద నడుస్తుంది, దాన్ని చూసి ఏదైనా వాదించవచ్చు. బెల్జియం 1831లోనే అంతా రాసిపెట్టుకుంది. రాసుకున్న ప్రతి మాటకూ ఆ తర్వాత ఏదో ఒక రోజు పరీక్ష వచ్చింది. రాజ్యాంగబద్ధ రాచరికంలో పాలన రాజు సంతకం మీద కాక, దాని పక్కన మంత్రి పెట్టే రెండో సంతకం మీద నడుస్తుందన్నది నా వాదం.

1

1830 ఆగస్టు 25 రాత్రి బ్రస్సెల్స్‌లోని మొనే నాటకశాలలో ఒక ఒపేరా ఆడింది. తిరుగుబాటు కథ అది. చూసి బయటికొచ్చిన జనం అల్లర్లకు దిగారు. డచ్చి రాజు విలియం పాలన మీద అప్పటికే మండుతున్న కోపం అలా రోడ్డెక్కింది. కొన్ని వారాలకే దేశం విడిపోయింది. తిరగబడి గెలిచినవాళ్లు మళ్లీ రాజునెందుకు కోరుకున్నారు? యూరప్‌లోని పెద్ద రాజ్యాలు రిపబ్లిక్‌ను బతకనివ్వవన్న లెక్క అది. ముందు ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ కొడుకును ఎన్నుకున్నారు. బ్రిటన్‌తో తగువెందుకని తండ్రి వద్దన్నాడు. చివరికి సాక్స్‌కోబర్గ్ వంశపు లియోపోల్డ్ దొరికాడు. అంతకుముందే గ్రీసు సింహాసనం వస్తే కాదన్నవాడు.

ఇక్కడ తేదీలు చూడండి. రాజ్యాంగం 1831 ఫిబ్రవరి 7న పూర్తయింది. రాజు ప్రమాణం చేసింది జూలై 21న. నియమాలు ముందు రాసుకుని, తర్వాత రాజును వెతుక్కున్నారు. అందుకే అక్కడ రాజు చనిపోగానే వారసుడు రాజైపోడు. పార్లమెంటు ముందు ప్రమాణం చేసిన క్షణం నుంచే రాజు. ఆ మధ్య రోజుల్లో రాజాధికారం మంత్రులందరూ కలిసి నడుపుతారు.

రాజు ఒంటి మీద చెయ్యి వేయరాదు, మంత్రులే బాధ్యులు అని ఒక నియమం. మంత్రి సంతకం లేనిదే రాజు చేసిన ఏ పనీ చెల్లదు, సంతకం పెట్టిన మంత్రిదే బాధ్యత అని మరొకటి. రాజ్యాంగమూ చట్టాలూ స్పష్టంగా ఇచ్చినవి తప్ప రాజుకు వేరే అధికారాల్లేవని మూడోది. వెనక వరుసల్లోని లా కాలేజీ విద్యార్థులూ, ఈ మూడోది అప్పట్లో 78వ అధికరణం. 1994లో అంకెలు మార్చాక 105 అయింది. పరీక్షలో ఏ అంకె వేసినా సంవత్సరం రాయండి.

2

ఈ రెండో సంతకం విలువ తెలియాలంటే అది ఉన్నచోటా లేనిచోటా ఒకే మనిషిని చూడాలి. చరిత్రలో అలాంటి అవకాశం అరుదు. బెల్జియం రెండో రాజు రెండో లియోపోల్డ్ 1865 నుంచి 1909 దాకా సింహాసనం మీద ఉన్నాడు. సైన్యంలో చేరడానికి చీటీలు తీసేవారు. డబ్బున్నవాడు తన బదులు మరొకణ్ని పంపొచ్చు. ఈ పద్ధతి పోవాలని రాజు దశాబ్దాల తరబడి పోరాడాడు. మంత్రులు కుదరదన్నారు, ఆగక తప్పలేదు. చివరికి ఆ చట్టం 1909 డిసెంబరు 14న మరణశయ్య మీద ఆయన చేతికొచ్చింది. సంతకం పెట్టిన మూడో రోజున పోయాడు.

అదే మనిషి 1885లో పార్లమెంటు అనుమతితో కాంగోకు సొంత హోదాలో అధిపతి అయ్యాడు. బెల్జియం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ నేల మీద ఆయన కాలు పెట్టనే లేదు. అక్కడ ఆయన ఉత్తర్వుకు బెల్జియం పార్లమెంటుకు జవాబు చెప్పే మంత్రి సంతకం అక్కర్లేదు. సాగులో లేని భూములన్నీ ప్రభుత్వానివేనని ఒక్క ఉత్తర్వుతో లాగేసుకున్నాడు. ఊరికింత రబ్బరు తేవాలని లెక్క కట్టారు. తేలేకపోతే ఆడవాళ్లను పట్టుకెళ్లి బందీలుగా ఉంచారు. ఖర్చు పెట్టిన తూటాలకు లెక్క చెప్పడానికి సిపాయిలు మనుషుల చేతులు నరికి తెచ్చారు. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో బయటపడింది. ఆ వెంటనే రాజు తానే వేసుకున్న విచారణ సంఘం కూడా దాన్ని కాదనలేకపోయింది. 1908లో బెల్జియం పార్లమెంటు కాంగోను రాజు చేతిలోంచి తీసుకుంది. వలసపాలన కోసం అప్పుడు చేసిన చట్టంలో, రాజు చర్యలకు మంత్రి సంతకం తప్పనిసరి చేశారు.

దాంతో కాంగో ప్రజల కష్టాలు తీరాయని నేననడం లేదు. నిర్బంధ చాకిరీ ఆ తర్వాతా సాగింది. ఆ సంతకం పెట్టే మంత్రి జవాబు చెప్పుకోవలసింది బ్రస్సెల్స్‌లోని ఓటర్లకు గానీ కాంగోలోని రబ్బరు కూలీకి కాదు. రెండో సంతకం ఎవరికి బాధ్యత పడుతుందో వాళ్లనే కాపాడుతుంది. బెల్జియం రాచరికాన్ని మెచ్చుకునే పుస్తకాలు చాలావరకు ఈ మాట దాటేసి పోతాయి.

3

1940 మే 25 తెల్లవారుజామున వైనెండేల్ కోటలో నలుగురు మంత్రులు రాజు మూడో లియోపోల్డ్‌ను కలిశారు. జర్మన్ సేనలు దేశాన్ని దాదాపు ఆక్రమించేశాయి. ప్రధాని పియెర్లో, విదేశాంగ మంత్రి స్పాక్ రాజును తమతో వచ్చేయమని బతిమాలారు. రాజు రానన్నాడు. సేనాధిపతిగా తన సైనికులతోనే ఉంటానన్నాడు. సైన్యం మీద తన ఆధిపత్యానికి మంత్రుల సంతకంతో పనిలేదని ఆయన నమ్మకం. మూడు రోజులకు సైన్యం లొంగిపోయింది, రాజు బందీ అయ్యాడు. శత్రువు చేతిలో ఉన్న రాజు పాలించలేడని మంత్రులు ప్రకటించి, ఆ అధికారాన్ని తామే చేపట్టారు. ఫ్రాన్స్ కూడా పడిపోయాక పియెర్లో, స్పాక్ స్పెయిన్ మీదుగా, ఒక వ్యానులో దాక్కుని పోర్చుగల్ చేరి, అక్టోబరులో లండన్‌లో తేలారు. యుద్ధం చేసిన బెల్జియం అధికారికంగా ఈ ఇద్దరితోనూ, వాళ్లను కలుసుకున్న మరి కొందరు మంత్రులతోనూ ఉంది. రాజు లాకెన్ కోటలో ఉండిపోయాడు. నవంబరులో వెళ్లి హిట్లర్‌ను కలిశాడు.

సరిగ్గా అదే వసంతంలో, ఏప్రిల్ 10న నార్వే రాజు హాకాన్‌కూ పరీక్ష వచ్చింది. తమ మనిషి క్విస్లింగ్‌ను ప్రధానిని చేయమని జర్మన్ల ఒత్తిడి. ఆ నియామకం తాను చేయలేనని, కానీ నిర్ణయం మంత్రులదేనని, వాళ్లు ఒప్పుకుంటే తాను సింహాసనం వదులుకుంటానని హాకాన్ మంత్రిమండలికి చెప్పాడు. మంత్రులు ఒప్పుకోలేదు. తర్వాత రాజూ మంత్రులూ ఒకే ఓడలో ఇంగ్లండు వెళ్లారు. ఈ రాజులిద్దరూ మొండివాళ్లే, ధైర్యవంతులే. హాకాన్ తన మొండితనాన్ని మంత్రుల ముందు పెట్టి వాళ్ల చేత నిర్ణయం చేయించాడు. లియోపోల్డ్ తన నిర్ణయాన్ని వాళ్ల ముందు ప్రకటించాడు.

యుద్ధం తర్వాత బెల్జియానికి ఈ తేడా ఖరీదైంది. ప్రవాసంలో ఉన్న రాజు తిరిగి రావచ్చా అని 1950 మార్చి 12న జనాన్ని అడిగారు. మొత్తం మీద 57.68 శాతం రమ్మన్నారు. డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్‌లో 72 శాతం, ఫ్రెంచి మాట్లాడే వాలోనియాలో 42 శాతం. మెజారిటీ ఉంది, దేశం లేదు. జూలైలో రాజు వచ్చాడు. సమ్మెలు లేచాయి. జూలై 30న లియేజ్ దగ్గర గ్రాస్ బెర్లూర్‌లో పోలీసు తూటాలకు నలుగురు పోయారు. రాజు తప్పుకుని ఇరవయ్యేళ్లు నిండని కొడుకు బోద్వాకు అధికారం అప్పగించాడు.

4

నేను మొదట చెప్పిన సంతకం పెట్టని రాజు ఈ బోద్వానే. నలభై ఏళ్లు మచ్చలేకుండా ఏలాడు. భక్తుడు. ఆయనకూ రాణి ఫాబియోలాకూ పిల్లల్లేరు. గర్భాలు నిలవక పడిన దుఃఖం వాళ్లది. 1990 మార్చి 29న దిగువ సభ గర్భస్రావాన్ని కొన్ని షరతుల మీద అనుమతించే చట్టాన్ని ఆమోదించింది. సెనేట్ అంతకుముందే ఒప్పుకుంది. మర్నాడు రాజు ప్రధాని మార్టెన్స్‌కు ఉత్తరం రాశాడు. ఈ చట్టం మీద సంతకం చేయలేనన్నాడు. పౌరులందరికీ ఉన్న మనస్సాక్షి స్వేచ్ఛ తనొక్కడికే ఉండదా అని ప్రశ్నించాడు. పార్లమెంటు నిర్ణయాన్ని అడ్డుకోవడం కూడా తన ఉద్దేశం కాదని, దారి మీరే చూడమని రాశాడు.

రాజేంద్ర ప్రసాద్ నెహ్రూకు రాసిన ఉత్తరాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ప్రసాద్ తన వివేచనతో నిర్ణయం తీసుకునే హక్కు అడిగారు. బోద్వా నిర్ణయం నుంచి తప్పించుకునే హక్కు అడిగాడు.

మార్టెన్స్ పట్టుకున్న దారి విచిత్రమైనది. రాజు పాలించలేని స్థితిలో ఉంటే మంత్రులు ఆ సంగతి నిర్ధారించి ఉభయ సభలనూ పిలవాలని రాజ్యాంగంలో ఉంది. జబ్బు చేసినా, మతి చలించినా పనికొస్తుందని రాసుకున్న నియమం. 1940లో రాజు బందీ అయినప్పుడు వాడింది అదే. దాన్నిప్పుడు మనస్సాక్షికి వర్తింపజేశారు. ఏప్రిల్ మొదటి వారంలో, రాజు పాలించలేడని మంత్రిమండలి తీర్మానించింది. రాజు పేరుండే చోట మంత్రులందరూ సంతకాలు పెట్టి చట్టాన్ని విడుదల చేశారు. ఏప్రిల్ 5న ఉభయ సభలూ కలిసి కూర్చుని, ఆ అశక్తత తీరిపోయిందని ఓటేశాయి. బోద్వా మళ్లీ రాజయ్యాడు. ఒంట్లో నలతగానీ ఊళ్లో లేకపోవడంగానీ లేదు. కోటలోనే ఉన్నాడు.

దీన్ని నాటకమని అప్పుడే ఎగతాళి చేసినవాళ్లున్నారు. మెలిక పెట్టి అర్థం తీశారన్న రాజ్యాంగ పండితుల విమర్శలో బలం లేకపోలేదు. నాకు మాత్రం అల్లాడి వాదానికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకదనిపిస్తుంది. రాజు సంతకం లేకపోయినా మంత్రుల సంతకాలతో చట్టం చెల్లింది. మంత్రి సంతకం లేకుండా రాజు సంతకం ఒక్కదానితో చట్టం చెల్లిన రోజు, రాజ్యాంగం పుట్టాక బెల్జియంలో లేదు. ఇంకోటి కూడా గమనించాలి. రాజు ఇంకో చట్టానికీ ఇదే అంటే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. ఒక్కసారికే సరిపోయే దారి అది, అది బోద్వాకూ తెలుసు.

5

ఇంతవరకూ విన్నవాళ్లకు, అయితే రాజు బొమ్మేనన్నమాట అనిపిస్తుంది. అలా అనుకోవద్దు. రెండో సంతకం పెట్టడానికి సరైన మంత్రి లేని సమయం ఒకటుంది. అది ఎన్నికల తర్వాత, ప్రభుత్వం ఏర్పడే ముందు.

బెల్జియంలో దేశమంతటికీ చెందిన పెద్ద పార్టీ లేదు. క్రైస్తవ ప్రజాస్వామికులు 1968లో, లిబరల్స్ 1972లో, సోషలిస్టులు 1978లో భాషను బట్టి రెండుగా చీలిపోయారు. ఫ్లాండర్స్ పార్టీలు సాధారణంగా వాలోనియాలో ఓటడగవు. పైగా ప్రధానిని పక్కనపెడితే మంత్రిమండలిలో డచ్చి వాళ్లూ ఫ్రెంచి వాళ్లూ సమానంగా ఉండాలి. మొత్తం మంత్రులు 15 మందికి మించకూడదు. దిగువ సభలో 150 సీట్లు పదికి పైగా పార్టీల మధ్య చీలిపోతాయి.

ఎన్నిక ముగియగానే రాజు ఒక్కొక్క నాయకుణ్నీ పిలిచి ఏకాంతంగా మాట్లాడతాడు. అక్కడ జరిగిన మాట బయటికి చెప్పకూడదన్నది కట్టుబాటు. తర్వాత ఒకరిని సంగతులు కనుక్కోమని పంపుతాడు. సంబంధాలు చూసే పెద్దమనిషిలా ఆ మనిషి ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎవరు పొసగుతారో వచ్చి చెప్పాలి. లెక్క కుదిరితే ప్రభుత్వం ఏర్పాటు చేసే మనిషిని నియమిస్తారు. అతనే సాధారణంగా ప్రధాని అవుతాడు. సంగతులు కనుక్కునేవాణ్ని రాజు ఎంచుకోవడానికి మంత్రి సంతకం అక్కర్లేదు. ఎవరిని ముందు పంపాడన్నదే రాజకీయం.

2010 జూన్ 13న ఎన్నికలు జరిగితే ఎలియో ది రూపో ప్రభుత్వం 2011 డిసెంబరు 6న ప్రమాణం చేసింది. 541 రోజులు. బోద్వా తర్వాత వచ్చిన రాజు ఆల్బర్ట్ ముందు పంపింది ఫ్లాండర్స్‌ను విడదీయాలనే పార్టీ నాయకుడు బార్ట్ డె వేవర్‌ను. తర్వాత ది రూపో, ఆ తర్వాత సభాపతులిద్దరు, మళ్లీ డె వేవర్, వాండె లానోటె, రెయిండర్స్, బెకె. ఒక్కొక్కరికి ఒక్కో పేరు పెట్టారు. స్పష్టత తెచ్చేవాడు, సఖ్యత కుదిర్చేవాడు, ఇలా. బ్రస్సెల్స్ చుట్టుపక్కల ఒక నియోజకవర్గాన్ని భాషను బట్టి విడదీయాలా వద్దా అన్నది గొడవల్లో పెద్దది. తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించదనుకుంటాను. ఆ కాలమంతా ఈవ్ లెతెర్మ్ ఆపద్ధర్మ ప్రభుత్వమే నడిచింది. యూరోపియన్ యూనియన్‌కు ఆరు నెలల అధ్యక్షత నిర్వహించింది. 2011 మార్చిలో లిబియాకు యుద్ధ విమానాలు పంపింది. జనం ఫిబ్రవరిలో వీధుల్లో బంగాళదుంప వేపుళ్లు పంచుకుని, ప్రభుత్వం లేకపోవడాన్ని ఉత్సవంగా జరుపుకున్నారు.

రాజీనామాను వెంటనే ఒప్పుకోకపోవడం కూడా రాజు చేతిలో ఉన్నదే. 2008 జూలై 14న లెతెర్మ్ రాజీనామా ఇచ్చాడు. ఆల్బర్ట్ మూడు రోజులు ఆలోచించి, కుదరదు, పని చూసుకోమన్నాడు. ఇలా కొంత సమయం కొనిపెట్టడం ఏ చట్టంలోనూ పెద్దగా కనబడని పాలన.

మాట్లాడేటప్పుడు మాత్రం రెండో సంతకం తప్పించుకోలేడు. 2012 క్రిస్మస్ ప్రసంగంలో ఆల్బర్ట్ జనాన్ని రెచ్చగొట్టే రాజకీయాలను 1930ల నాటి పరిస్థితితో పోల్చాడు. అది తన మీద వేసిన రాయేనని డె వేవర్ మండిపడ్డాడు. ఆ ప్రసంగాన్ని ముందే చూసి ఒప్పుకున్నానని ప్రధాని ది రూపో బాధ్యత నెత్తినేసుకున్నాడు.

6

ప్రభుత్వం ఏర్పడే ముందు రాజుకు మిగిలిన ఈ సందు కూడా మూసేసిన రాజ్యాలున్నాయి. స్వీడన్ 1974 రాజ్యాంగంతో రాజు చేతిలోంచి కలం పూర్తిగా తీసేసింది. చట్టాల మీద ఆయన సంతకం లేదు, ప్రధాని పేరును స్పీకర్ ప్రతిపాదిస్తాడు. 349 మందిలో 175 మంది వ్యతిరేకంగా ఓటేస్తే తప్ప ఆ పేరు నిలుస్తుంది. 2021 నవంబరు 24న మాగ్దలేనా ఆండర్సన్‌కు అనుకూలంగా 117 ఓట్లే వచ్చాయి, వ్యతిరేకంగా 174. గెలిచారు. గంటల్లోనే భాగస్వామ్య పక్షం తప్పుకుంటే రాజీనామా చేశారు, వారం తిరగకముందే మళ్లీ గెలిచారు. ఈ వ్యవహారంలో రాజు ఎవరికీ గుర్తుకే రాలేదు. నెదర్లాండ్స్ 2012లో తన దిగువ సభ నియమావళి మార్చుకుని, సంప్రదింపులు నడిపే మనిషిని సభే నియమించుకుంటోంది. అయినా 2017లో 225 రోజులు, 2021లో 299 రోజులు పట్టింది. ఆలస్యం రాజు వల్ల రాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

బెల్జియం ఎందుకు మార్చుకోలేదు? స్పీకర్ ఎవరైనా ఏదో ఒక భాష పార్టీవాడే అవుతాడు. ఆయన పంపిన మనిషిని అవతలి భాషవాళ్లు ఇంటి గడప తొక్కనివ్వరు. రాజు మూడు అధికార భాషల్లోనూ ప్రమాణం చేస్తాడు, ఏ పార్టీకీ రుణపడి లేడు, ఎవరూ ఆయన్ను బదిలీ చేయలేరు.

ఈ చివరి సంగతి మన ఊళ్లో ఎందుకు ముఖ్యమో చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావును బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఎమ్మెల్యేలను వెంటేసుకుని రామారావు రాష్ట్రపతి దాకా వెళ్లారు. రాంలాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ తేలాల్సింది సభలోనేనని సుప్రీంకోర్టు బొమ్మై తీర్పులో గట్టిగా చెప్పింది 1994లో. గవర్నరు పదవి రాజు పదవి నమూనాలోనే తయారైంది, కానీ రాజును నియమించేవాడూ దించేవాడూ లేడు. గవర్నరుకు ఇద్దరూ ఉన్నారు, పైగా ఇద్దరూ ఒకరే. బ్రస్సెల్స్‌లో రాజుకు వదిలేసిన సందును హైదరాబాదులో గవర్నరుకు వదిలేయడం సమానం కాదన్నది నా అభిప్రాయం. అలాగని రాజుల్ని తెచ్చుకోలేం కదా అని ముందు వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నిజమే. స్వీడన్ చేసినట్టు ఆ ఎంపికను సభకే అప్పగించవచ్చు.

బెల్జియంలో తాజా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2024 జూన్ 9 ఎన్నికల తర్వాత మళ్లీ నెలల తరబడి బేరాలు నడిచి, 2025 ఫిబ్రవరి 3న కొత్త ప్రధాని, ఆల్బర్ట్ తర్వాత వచ్చిన రాజు ఫిలిప్ ముందు ప్రమాణం చేశాడు. రాజుకు విధేయంగా ఉంటానన్న మాట ఆ ప్రమాణంలో ఉంది. ఆనవాయితీ ప్రకారం కొత్త ప్రధాని నియామక పత్రం మీద దిగిపోయే ప్రధాని రెండో సంతకం పెడతాడు. అప్పటినుంచి రాజు కాగితాల మీద రెండో సంతకం కొత్త మనిషిది. ఆ కొత్త మనిషి బార్ట్ డె వేవర్. ఫ్లాండర్స్ స్వతంత్ర రిపబ్లిక్ కావాలని ఆయన పార్టీ నియమావళిలో ఉంది.

సెనేట్ గురించి, ప్రాంతీయ ప్రభుత్వాల గురించి నేను మాట్లాడలేదు. అడిగేవాళ్లుంటే చర్చలో చెబుతాను.